కంప్యూటర్ క్లబ్బు బాధ్యత తీసుకున్న అమ్మాయికి

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి అమ్మలూకి,

పెద్దమ్మ ఆశీస్సులు. బ్రాడీపేటలో మీ కంప్యూటర్ క్లబ్బుకి నిన్ను సెక్రటరీగా ఎన్నుకున్నారని తెలిసి చాలా సంతోషించాను. గుంటూరులోనే ఉన్న మూడు సేవాసంస్థలు తమని కూడా ఆన్‌లైన్‌లోకి తీసుకురమ్మని మీ క్లబ్బుని అడిగాయని, ఏ యాప్‌తో మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసిన రోజుల్లోనూ, రిటైరయ్యాకా ఇలాంటి సంస్థల మధ్యనే తిరిగినదాన్ని. నాకు తెలిసినంత రాస్తున్నాను, నిదానంగా చదువు.

యాప్ సంగతి ఇప్పుడే వద్దు. ముందు ఒక్కో సంస్థ ఆఫీసుకి వెళ్ళి కూర్చో. రక్తదాన శిబిరం పెట్టాలంటే వాలంటీర్లకి ఎవరు ఫోన్ చేస్తారు? ఆ నంబర్లు ఎక్కడ రాసి ఉన్నాయి? పోయినేడాది దాతల రసీదులు ఎవరి దగ్గరున్నాయి? ఫొటోలు ఎవరి ఫోన్‌లో ఉన్నాయి? ఫేస్‌బుక్ పేజీ ఎవరు తెరిచారు? ఇవన్నీ అడిగి నోట్‌బుక్‌లో రాసుకో. చాలాచోట్ల అన్ని ప్రశ్నలకీ ఒకే మనిషి పేరు జవాబుగా వస్తుంది. ఆ మనిషి మంచివాడే, సంస్థ నిలబడింది కూడా ఆయన వల్లే. కానీ ఆయన నాలుగు నెలలు కూతురి దగ్గరికి అమెరికా వెళితే పనులన్నీ ఆగిపోతాయి. ఆయన ఒక్కడి దగ్గరున్న సమాచారాన్ని పదిమందికీ అందేలా చెయ్యడమే నీ అసలు పని. యాప్‌లన్నీ దాని తరవాతే.

అందుకే మొదట ఖాతాలు సరిచెయ్యి. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఏమిటంటే, ఉత్సాహం ఉన్న ఒక ఇంజనీరింగ్ కుర్రాడు తన సొంత మెయిల్‌తోనో, కాలేజీ మెయిల్‌తోనో అన్నీ తెరిచేస్తాడు. తరవాత ప్లేస్‌మెంట్ వచ్చి హైదరాబాద్ వెళ్ళిపోతాడు. గూగుల్ డ్రైవ్‌లో ఫైలు ఎవరు తెరిస్తే వాళ్ళదే. చదువయ్యాక కాలేజీ ఆ మెయిల్ మూసేస్తే ఫైళ్ళూ దానితోనే పోతాయి. ఇందులో ఆ కుర్రాడి తప్పేమీ లేదు, అతనికి ముందుగా చెప్పినవాళ్ళు లేరు. నువ్వు చెప్పు. సంస్థ పేరుతో ఒక మెయిల్ తెరిపించు. పాస్‌వర్డ్ పోతే ఖాతా తిరిగి తెరుచుకోవడానికి ఇచ్చే రికవరీ ఫోన్ నంబరుగా పదవిలో ఉన్నవాళ్ళదే పెట్టించు, ఎన్నికలు జరిగినప్పుడల్లా మార్పించు. టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ ఒక్కటే కాకుండా రెండో రుజువు కూడా అడిగేది, తప్పకుండా పెట్టించు. ఆ ఫోన్ దగ్గర లేనప్పుడు వాడుకోవడానికి గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. అవి కాగితం మీద ప్రింట్ తీసి, కవర్లో పెట్టి అంటించి, మినిట్స్ పుస్తకం ఉండే బీరువాలోనే ఉంచమను. ఫేస్‌బుక్ పేజీకి కూడా పూర్తి అధికారం ఉన్నవాళ్ళు కనీసం ఇద్దరుండాలి. రెండేళ్ళపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలని గూగుల్ తీసేస్తుంది. కాబట్టి ఏటా మహాజనసభ ముందు అన్ని ఖాతాల్లోకీ ఒకసారి లాగిన్ అవ్వడం అలవాటు చేయించు.

రిజిస్టరైన సొసైటీలకి, ట్రస్టులకి గూగుల్ ఫర్ నాన్‌ప్రాఫిట్స్ అనే పథకం మన దేశంలోనూ ఉంది. దాని కింద సంస్థ పేరుతో మెయిల్, డ్రైవ్ లాంటివి ఉచితంగా ఇస్తారు. బడులకి, ఆసుపత్రులకి అది వర్తించదు. ఆ మూడింటిలో ఏదైనా బడి నడిపేదైతే వాళ్ళకి ముందే చెప్పు, ఆశపెట్టకు.

ఇక వాట్సాప్. గుంటూరు, విజయవాడల్లో ఏ సంస్థ పనైనా దాని మీదే నడుస్తుంది. దాన్ని మానిపించాలని చూడకు, ఎవరూ మానరు. కాకపోతే పనికీ కబుర్లకీ మధ్య గోడ కట్టు. ప్రకటనలకి ఒక గ్రూపు, అందులో అడ్మిన్లే రాయాలి. పని చేసేవాళ్ళ కోసం ఏడెనిమిది మందితో ఇంకొకటి. శుభోదయాలు, పండగ శుభాకాంక్షలు పంపుకోవడానికి మూడోది. ఈ మూడోదాన్ని చిన్నచూపు చూడకు. పెద్దవాళ్ళు సంస్థకి అంటిపెట్టుకుని ఉండేది ఆ పలకరింపుల వల్లే. ఏ నిర్ణయమైనా గ్రూపులో తీసుకుంటే అదే రోజు ఒక డాక్యుమెంట్‌లో తేదీతో సహా రాయించు. లేకపోతే నెల తరవాత "అలా అనుకోలేదే" అనేవాళ్ళూ, "అనుకున్నాం" అనేవాళ్ళూ గ్రూపులో వెనక్కి వెతుక్కుంటూ గొడవ పడతారు.

ఇంకో సంగతి. మామూలు గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. కుట్టు శిక్షణకి వచ్చే ఆడపిల్లలని అరవైమంది మగవాళ్ళున్న గ్రూపులో చేర్చడం వాళ్ళని ఇబ్బందిలో పెట్టడమే. రాత్రిపూట ఎవడో మెసేజ్ పెడితే ఆ పిల్ల ఇంట్లో చెప్పుకోలేక, మీకూ చెప్పలేక శిక్షణ మానేస్తుంది. మానడానికి కారణం ఏమిటో మీకు ఎప్పటికీ తెలియదు. అలాంటివాళ్ళకి వాట్సాప్ ఛానల్ పెట్టు. అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు. ఈ ఒక్క విషయంలో ఎవరెంత సర్దిచెప్పినా మెత్తబడకు.

కలిసి పనిచెయ్యడం అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది 2024 సెప్టెంబరు వరదల్లో. ఒకటో తేదీన బుడమేరు వాగు నీళ్ళు మా విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీలని ముంచేశాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఊళ్ళో సాయం చెయ్యడానికి మనుషులకి కొదవ లేదు. అన్నం పొట్లాలు కట్టినవాళ్ళున్నారు, ట్రాక్టర్లు తెచ్చినవాళ్ళున్నారు. లోటల్లా సమాచారానికే. "ఫలానా వీధిలో పసిబిడ్డ, పాలు కావాలి" అన్న మెసేజ్ పొద్దున పుడుతుంది. మధ్యాహ్నానికి పాలు అందుతాయి. మెసేజ్ మాత్రం రాత్రిదాకా గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని నమ్మి ఇంకో ముగ్గురు అదే ఇంటికి నడుములోతు నీళ్ళలో వెళతారు. పక్క వీధి నుంచి వచ్చిన మెసేజ్ మాత్రం వందల ఫార్వర్డుల కింద ఎవరికీ కనపడకుండా ఉండిపోతుంది.

దీనికి మందు ఒక షేర్డ్ షీట్, అంటే అందరూ ఎవరి ఫోన్‌లో వాళ్ళు తెరిచి చూసుకోగలిగే ఒకే ఆన్‌లైన్ పట్టిక. వచ్చిన విన్నపం వచ్చినట్టు ఒక వరసలో రాస్తారు. ఎప్పుడు వచ్చింది, ఎవరు అడిగారు, ఫోన్ నంబరు, ఎక్కడ, ఏం కావాలి, ఎంతమంది ఉన్నారు, ఫోన్ చేసి నిజమో కాదో చూసింది ఎవరు, ఎవరు వెళుతున్నారు, అందిందా లేదా. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ చివరి గడి. అది నింపేదాకా పని అయినట్టు కాదని అందరికీ గట్టిగా చెప్పాలి. బయటివాళ్ళు నేరుగా షీట్‌లో రాయకుండా గూగుల్ ఫారం ఇవ్వాలి, నింపినవి షీట్‌లోకి అవే వస్తాయి. షీట్ మార్చే అధికారం నలుగురైదుగురికే ఇచ్చి, మిగతావాళ్ళకి చూసే అవకాశం మాత్రం ఇవ్వాలి. కంగారులో ఎవరైనా ఏదైనా చెరిపేసినా భయం లేదు, వెర్షన్ హిస్టరీలోకి వెళితే పాతది తిరిగి వస్తుంది. గ్రూపులో మెసేజ్‌లు ఫార్వర్డ్ చెయ్యడం ఆపించి, షీట్‌లో వరస నంబరు చెప్పమనాలి. "ఇరవై రెండు నేను చూస్తున్నా" అంటే చాలు, ఇంకెవరూ అటు పరిగెత్తరు.

పని అయిపోయాక ఆ షీట్ మూసెయ్యాలి. లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడొచ్చు అని పెట్టి మర్చిపోతే, కష్టంలో ఉన్నవాళ్ళ నంబర్లూ చిరునామాలూ ఏళ్ళ తరబడి అందరి చేతుల్లో తిరుగుతాయి. మోసగాళ్ళకి కావలసింది అదే.

వరద వచ్చిన రోజున షీట్ నేర్పడం కుదరదు. కాబట్టి మామూలు రోజుల్లోనే నేర్పించు. రక్తదాన శిబిరమైనా, నోటుపుస్తకాల పంపిణీ అయినా దాని మీదే నడిపించు. చేతికి అలవాటైతే కష్టకాలంలో దానంతటదే పని చేస్తుంది.

మీ క్లబ్బులో రిటైరైనవాళ్ళు ఎక్కువమంది అని రాశావు. అది మీ బలం. లెక్కలు రాయడంలో, మినిట్స్ రాయడంలో వాళ్ళకున్న క్రమశిక్షణ మీ వయసు పిల్లలకి రావడానికి ఇంకా టైం పడుతుంది. వాళ్ళ భయమల్లా ఏదైనా నొక్కితే పాడైపోతుందేమోనని. అందుకని ముందు ఒక ఉత్తుత్తి షీట్ ఇచ్చి, "మాస్టారూ, ఇది మీరు పాడుచేసుకోవడానికే" అని చెప్పు. చెరిపేసింది వెనక్కి ఎలా వస్తుందో వాళ్ళ చేతే చేయించు. ఫోన్ వాళ్ళ చేతిలోంచి లాక్కుని నువ్వు చేసి చూపించకు. అలా చేస్తే వాళ్ళు నేర్చుకోరు, పైగా మనసు నొచ్చుకుంటుంది. తెలుగులో టైపు చెయ్యడం కష్టమనేవాళ్ళకి కీబోర్డులో మైకు గుర్తు చూపించు. మాట్లాడితే తెలుగులోనే రాస్తుంది. ఒక పెద్దాయన, ఒక కాలేజీ పిల్ల కలిసి ఒక సంస్థని చూసుకునేలా జతలు కట్టు. ఒకరికి పని తెలుసు, ఇంకొకరికి ఫోన్ తెలుసు.

నలుగురు కలిసి రాయడం ఎలాగో చూపించాలంటే తెలుగు వికీపీడియా కన్నా మంచి బడి లేదు. 2003 డిసెంబరులో మొదలైంది, దాని పదేళ్ళ పండగ 2014లో మన విజయవాడలోనే చేశారు. ఏ పేజీ తెరిచినా పైన 'చరిత్ర' అని ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా అందులో కనపడుతుంది. పక్కనే 'చర్చ', అభిప్రాయభేదం వస్తే అక్కడ మాట్లాడుకుంటారు. అందరికీ సంబంధించిన విషయాలకి రచ్చబండ అనే పేజీ ఉంది. మీ క్లబ్బువాళ్ళ చేత తమ సొంత ఊళ్ళ పేజీలు దిద్దించు. మూలాలు చూపించి రాయడం, ఎదుటివాడి రాతని గౌరవంగా సరిదిద్దడం దానితోనే వస్తాయి.

బయటివాళ్ళకి కనపడే పేజీల విషయంలో నా మాట ఒక్కటే. అన్నిచోట్లా ఉండాలని చూడొద్దు. ఫేస్‌బుక్కో, ఇన్‌స్టాగ్రామో, యూట్యూబో, ఆ సంస్థకి కావలసినవాళ్ళు ఎక్కడుంటే అక్కడ ఒక్కటి బాగా నడిపితే చాలు. తేదీ, చోటు, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవి తెలుగులో స్పష్టంగా ఉండాలి. అడిగినవాళ్ళకి అదే రోజు జవాబివ్వాలి. కార్యక్రమం అయ్యాక ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది పెట్టాలి. లైకుల లెక్క చూసి సంతోషపడేవాళ్ళని, శిబిరానికి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టమను. సాయం తీసుకుంటున్న పిల్లల మొహాలు పెట్టనివ్వకు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపువాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. చట్టం సంగతి అలా ఉంచినా, నోటుపుస్తకం తీసుకున్నందుకు ఆ పిల్లవాడి ఫొటో క్లాసులో అందరి ఫోన్లలోకీ వెళ్ళడం న్యాయం కాదు.

విరాళాల క్యూఆర్ కోడ్ సంస్థ బ్యాంకు ఖాతాదే అయ్యుండాలి. స్కాన్ చెయ్యగానే సంస్థ పేరే రావాలి, కోశాధికారి పేరు రాకూడదు. మన వైపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు అమెరికాలో ఉంటారు కాబట్టి ఇది కూడా గుర్తుపెట్టుకో. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే వస్తుంది. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. అనుమతి లేని సంస్థ అయితే పోస్టులోనే ఆ మాట రాయించు. ఎవరైనా సంస్థ పేరుతో దొంగ పేజీ పెట్టి డబ్బు అడుగుతుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యమను, ప్రతి గంటా ముఖ్యమే.

ఇంకొకటి నా మనసులో ఎప్పటినుంచో ఉంది. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్యగారు, ఆయన సహచరులు ఊరూరా విడివిడిగా ఉన్న గ్రంథాలయాలని ఒక సంఘంగా కలిపారు. అలాగే నువ్వూ మీ మూడు సంస్థలనీ విడివిడిగా ఆన్‌లైన్‌లో పెట్టి ఊరుకోకు, ఒకదానితో ఒకటి కలుపు. ఒక ఉమ్మడి క్యాలెండర్ పెడితే ఒకే ఆదివారం రెండు రక్తదాన శిబిరాలు పడవు. ఒకరి ప్రొజెక్టరు ఇంకొకరికి అక్కరకొస్తుంది. ఒకచోట వాలంటీర్లు తక్కువైతే ఇంకోచోటి నుంచి వస్తారు. ఇది చెయ్యగలిగేది వాళ్ళెవరికీ పోటీ కాని మీ క్లబ్బే.

ఈ వారంలో నాకు ఒకటి పంపు. ఆ మూడు సంస్థల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద, పాన్ కార్డు మీద, బ్యాంకు పాస్‌బుక్ మీద పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు. ఒకచోట 'సేవా సమితి' అని, ఇంకోచోట 'సేవా సమితి ట్రస్టు' అని ఉంటే గూగుల్ పథకానికి అప్లై చేసినప్పుడు అక్కడే ఆగిపోతుంది. తేడా ఉంటే ముందు అది దిద్దించుకుందాం. ఆ పని నాకు అలవాటే, కాగితాలు నేను చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ