విడి ఇల్లే, కాగితాల్లో మాత్రం కాండో

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మీరు కొంటున్న విడి ఇంటికి దస్తావేజులో "యూనిట్ 14" అని ఉంటే, ఇంటి విలువ కట్టే అప్రైజర్ దాన్ని ఫ్లాట్‌లా లెక్కగడతాడా అని కదా మీ సందేహం? అలా లెక్కగట్టడు. ఇలా చూడ్డానికి విడి ఇల్లే అయినా, కాగితాల్లో కాండోగా (ఉమ్మడి ప్రాజెక్టులో ఒక సొంత యూనిట్‌గా) నమోదైనదాన్ని సైట్ కాండో అంటారు. లేఅవుట్ అనుమతుల తతంగం పడలేక బిల్డర్లు 1978 నాటి కాండో చట్టం దారి పట్టారు, అంతే.

బ్యాంకుల నుంచి ఇంటి రుణాలు కొనే సంస్థ ఫ్యానీ మే నిబంధనల ప్రకారం మామూలు ఇళ్ల విలువ రిపోర్టుకు వాడే ఫారం 1004 మీదే అప్రైజర్ రిపోర్టు రాయొచ్చు. కాకపోతే ప్రాజెక్టు వివరాలు, యజమానుల అసోసియేషన్ ఫీజు, నిర్వహణ తీరు అందులో చేర్చాలి.

అసలు చిక్కంతా పోలికల్లోనే, అంటే అమ్ముడైన ఏ ఇళ్లతో పోల్చి విలువ కట్టాలన్న దానిలోనే. ముందు సైట్ కాండోల అమ్మకాలే వెతకాలి. అవి దొరక్కపోతే పక్క వీధి మామూలు ఇళ్లు తీసుకోవచ్చు, కొనేవాళ్లు రెండింటికీ ఒకే ధర పెడుతున్నారని చూపించగలిగితే. మాస్టర్ డీడ్ (మొత్తం ప్రాజెక్టుకు మూల దస్తావేజు) తెప్పించుకోండి. యూనిట్ అంటే స్థలంతో సహానా, ఒట్టి ఇల్లేనా అన్నది తేలేది అందులోనే.