హత్యకు ముందున్న యాభై ఏళ్లు

తమ్ముడికి,

గ్రీసు డాక్టరు, ఎంపీ గ్రిగొరిస్ లాంబ్రాకిస్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఎక్కడా ఆగకుండా చదివించావు. కానీ అందులో ముప్పావు వంతు హత్యే. 1963 మే 22 రాత్రి థెస్సలొనీకీలో శాంతి సభ, బయటికొచ్చిన ఎంపీ మీదికి దూసుకొచ్చిన మూడు చక్రాల బండి, తల మీద దెబ్బ, మే 27న మరణం. ఇది నవలగా, సినిమాగా ఇదివరకే వచ్చింది. నువ్వు రాయాల్సింది దానికి ముందు గడిచిన యాభై ఏళ్లు.

ఆయన 1912లో ఆర్కేడియాలోని కెరసిత్సా అనే పల్లెలో పుట్టాడు. ఏథెన్స్‌లో మెడిసిన్ చదివాడు. లాంగ్ జంప్‌లో గ్రీసు జాతీయ రికార్డు ఇరవై మూడేళ్లపాటు ఆయనదే. నువ్వేమో 'ఆటలన్నా ఇష్టమే' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు కథ మలుపు తిరిగేదే అక్కడ! జర్మన్, ఇటాలియన్ ఆక్రమణలో ఏథెన్స్ ఆకలితో మాడిపోయింది. 1941-42 చలికాలంలో జనం వీధుల్లోనే ప్రాణాలు వదిలారు. 1943లో లాంబ్రాకిస్ క్రీడాకారుల్ని కూడగట్టి పోటీలు పెట్టించాడు. వచ్చిన డబ్బు పస్తులున్నవాళ్ల తిండికి వెళ్లింది. ఏథెన్స్ పక్కనున్న రేవు పట్నం పీరియస్ నుంచి పార్లమెంటుకు ఎన్నికైంది 1961లోనే గానీ, నాకు మాత్రం ఆయన రాజకీయం ఆ మైదానంలో మొదలైనట్టే అనిపిస్తుంది. యుద్ధం తర్వాత ఏథెన్స్ యూనివర్సిటీలో గైనకాలజీ బోధించాడు, పేదలకు ఉచితంగా వైద్యం చేశాడు. వీటికి నువ్వు రెండు లైన్లే ఇచ్చావు, ఒక పేజీ ఇవ్వు.

'కమ్యూనిస్టు నాయకుడు' అన్న మాట కొట్టెయ్. ఆయన ఆ పార్టీ సభ్యుడు కాడు. గ్రీసు అంతర్యుద్ధం 1949లో ముగిసినా కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం పోలేదు. ఈడీఏ అనే వామపక్ష పార్టీ ముందుండి నడిపిన కూటమి తరఫున ఆయన గెలిచాడు. ఆ రోజుల్లో వామపక్షం వైపు నిలబడితే పోలీసు ఫైల్లోకి ఎక్కినట్టే. ఈ సంగతి చెప్పకపోతే, ఒక డాక్టరు శాంతి గురించి మాట్లాడితే ఎవరికి మండిందో మన పాఠకుడికి అర్థం కాదు.

మారథాన్ ఊరి నుంచి ఏథెన్స్‌కు శాంతి కోసం తలపెట్టిన నడక ఘట్టంలో కాస్త పోస్టరు వాసన కొడుతోంది. 1963 ఏప్రిల్ 21న ప్రభుత్వం ఆ ఊరేగింపును నిషేధించి, వచ్చినవాళ్లను పట్టుకెళ్లింది. ఎంపీగా అరెస్టు నుంచి రక్షణ ఉంది కాబట్టి ఆయన ఒక్కడే బ్యానర్ పట్టుకుని నడవగలిగాడు. చివరికి ఆయన్నీ ఆపేశారు. ఈ కారణం రాయి. దానివల్ల ఆయన ధైర్యమేమీ తగ్గదు, పదవిని దేనికి వాడాడో కూడా తెలుస్తుంది.

'ప్రాణాలు పోసిన చేతులు...' అంటూ మొదలయ్యే పేరా మొత్తం తీసెయ్. డాక్టరు హత్యకు గురైతే ఆ వాక్యం ఎవరికైనా తడుతుంది. ఆ చోటు దర్యాప్తు చేసిన మేజిస్ట్రేట్ సార్జెటాకిస్‌కి ఇవ్వు. పోలీసులు రోడ్డు ప్రమాదమన్నా ఆయన ఒప్పుకోలేదు, తీగ లాగి పెద్ద అధికారుల దాకా వెళ్లాడు. 1985లో దేశాధ్యక్షుడయ్యాడు.

ఇంకొకటి. హత్య వల్లే అప్పటి ప్రధాని కరమన్లిస్ ప్రభుత్వం పడిపోయిందన్నావు. జూన్‌లో ఆయన రాజీనామా చేసిన మాట నిజమే. కానీ రాజుగారి బ్రిటన్ పర్యటన మీద రాజభవనంతో తగువు కూడా అప్పుడే ముదిరింది. రెండూ రాయి. వ్యాసం సరిచేసి ఈ నెలాఖరులోపు పంపు, సంపాదకుడితో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య