తొలి బస్తా కొనకముందే

శ్రీకాకుళం

చిరంజీవి అల్లుడికి మీ పెద్ద మావయ్య ఆశీర్వదించి రాయునది.

కాశీబుగ్గ అవతల షెడ్డు చూసుకున్నావనీ, బాయిలరుకు బయానా ఇవ్వబోతున్నావనీ, ఈ సంగతి నువ్వు పనిచేస్తున్న ఫ్యాక్టరీ యజమానికి ఇంకా తెలియదనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మన ఇంటి పిల్లవాడు సొంతంగా జీడిపప్పు ఫ్యాక్టరీ పెడుతున్నాడంటే నా గుండె పొంగింది. యజమానికి తెలియదన్న మాటకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషను, ఆహార భద్రత వాళ్ల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. లైసెన్సు, జి.ఎస్.టి., కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నీ ఆడిటరు చూసుకుంటాడు. ఉద్యోగం మానాక రెండేళ్లు ఈ వ్యాపారం చేయకూడదని నీ నియామక పత్రంలో ఉన్న షరతు చెల్లదని లాయరుగారు అన్నారట; అది నిజమే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, మనిషిని న్యాయమైన వృత్తి వ్యాపారాలు చేసుకోనివ్వని ఒప్పందం ఆ మేరకు చెల్లదు. తన వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో, అంటే దానికున్న మంచి పేరుతో సహా అమ్ముకున్నవాడి విషయంలోనే మినహాయింపు ఉంది. అయితే కొలువులో ఉన్నంతకాలం వేరొకచోట పనిచేయకూడదన్న షరతు సబబైనదైతే నిలబడుతుందని సుప్రీంకోర్టు 1967లోనే తీర్పు చెప్పింది. నువ్వింకా కొలువులోనే ఉన్నావు నాన్నా.

ఇప్పుడు చెప్పబోయేది మీ అమ్మకు కూడా తెలియదు. నలభై ఏళ్ల కిందట నేను కూడా పలాసలో ఒక వ్యాపారి దగ్గర, నీలాగే, పొట్టు తీయని జీడిపిక్కలు కొనే గుమస్తాను. మార్చి వచ్చిందంటే సైకిలు మీద ఉద్దానం ఊళ్లు తిరిగి, ఇళ్ల ముందు ఆరబోసిన రాశుల్లోంచి గుప్పెడు పిక్కలు తీసి, కత్తితో కోసి, పప్పు నిండుగా ఉందా, ముడుచుకుపోయిందా, నెమ్ము పట్టిందా అని చూసి చెప్పడం నా పని. నేను బాగున్నాయంటే యజమాని కొనేవారు, వద్దంటే మానేవారు. ఒక్కసారి కూడా తాను వెళ్లి చూసుకోలేదు. ఆ ఏడు నేను సొంతంగా పిక్కలు కాల్చే చిన్న బట్టీ పెట్టుకోవాలని రహస్యంగా ఏర్పాట్లు చేసుకుంటున్నాను. ఒక రైతు దగ్గర ముప్ఫై బస్తాల సరుకు కోసి చూశాను. అంత నిండైన పప్పు ఆ సీజనులో మరెక్కడా చూడలేదు. అయినా పెదవి విరిచి, నెమ్ముగా ఉన్నాయని రైతుకు చెప్పాను. యజమానికీ అదే చెప్పాను. పది రోజులాగి, తగ్గించిన ధరకు, మా బావమరిది పేరున ఆ ముప్ఫై బస్తాలూ నేనే కొన్నాను.

అది దొంగతనమని అప్పుడు నాకు తోచలేదు. గల్లాపెట్టె ముట్టుకోలేదు, లెక్కల్లో పైసా మార్చలేదు. కాని ఆయన నాకు జీతమిచ్చింది ఆ కోతలో చూసింది చూసినట్టు చెప్పడానికే. బస్తాలు తోలిన బండివాడి ద్వారా సంగతి బయటపడింది. యజమాని నన్ను ఒక్క మాటా అనలేదు. జీతం లెక్క కట్టించి, ఆ రైతు ఊరికి వెళ్లివచ్చిన రోజు బత్తా కూడా కలిపి చేతిలో పెట్టారు. ఆ బత్తా డబ్బులు తీసుకున్న చెయ్యి ఈనాటికీ నాది కానట్టే ఉంటుంది. రైతు మాత్రం ఊరుకోలేదు. తన సరుకుకు పేరు చెడగొట్టి చవగ్గా కొట్టేశానని ఊరూరా చెప్పాడు. మరుసటి ఏడు నేను కత్తి తీస్తే రైతులు బస్తా మూతి కట్టేసుకునేవారు. పిక్కలు లేక బట్టీ ఆరిపోయింది. పొట్టు తీసే పన్నెండుమంది ఆడవాళ్లు నా మాట నమ్మి, పాత చోటు వదులుకుని వచ్చారు. చివరి రోజున వాళ్లలో ఒకామె, “రేపట్నించి మమ్మల్ని యెక్కడికెల్లమంటావు బాబూ” అని అడిగింది. పలాస నీళ్లు పడక వచ్చేశానని మీ అందరికీ చెప్పింది అబద్ధం.

అందుకే నాకింత భయం. షెడ్డు చూసుకోవడం తప్పు కాదు, సెలవు రోజున బ్యాంకుకు వెళ్లడమూ తప్పు కాదు. కాని నీ యజమాని జీతం తీసుకుంటూ నీ పేరున గాని, ఇంట్లోవాళ్ల పేరున గాని ఒక్క 80 కిలోల బస్తా కొన్నావో, ఆ రోజు నుంచి నువ్వు రైతుతో అన్న ప్రతి మాటకూ ఇద్దరు యజమానులుంటారు. పిక్కను గుప్పిట్లో ఆడించి చప్పుడును బట్టి నాణ్యం చెప్పే నేర్పు నీది, అది నీ వెంట వస్తుంది. పౌనుకు 240 పప్పులు తూగే రకానికి ఏ షావుకారు ఎంతవరకు పెడతాడో, ఎవరికి ఎన్నాళ్ల అరువో రాసిన పుస్తకం ఆయనది. దాని ఫోటోలు నీ ఫోనులో ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు వాటిని తీసెయ్.

ఆయన దగ్గర పప్పు గ్రేడింగు చేసే ఇద్దరు ఆడవాళ్లను నీ దగ్గరికి రమ్మని అప్పుడే అడిగావట! ఎవరిచ్చారు నీకా హక్కు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను కూల్చేశాక, పిక్కలు లేక ఫ్యాక్టరీ సగం రోజులు మూతపడ్డా, ఆయన నీ జీతం ఆపలేదు. మీ ఇంట్లో అప్పుడు పొయ్యి వెలిగింది ఆ డబ్బుతోనే. రేపే వెళ్లి ఆ ఇద్దరికీ ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పు. నువ్వు బయటకు వచ్చాక, వాళ్లంతట వాళ్లు వస్తే అప్పటి సంగతి వేరు.

యజమానికి ఈ వారంలోనే చెప్పు. సీజను మధ్యలో వదిలిపోననీ, రైతులకు ఇచ్చిన అడ్వాన్సుల లెక్కలన్నీ తేల్చి అప్పగిస్తాననీ, ఈ మార్చి కొనుగోళ్లు వేరొకరికి ఇమ్మన్నా ఒప్పుకుంటాననీ చెప్పు. నువ్వు మానేసరికి ఉద్దానం పిక్కలు అయిపోతే ఆఫ్రికా పిక్కలతో మొదలుపెట్టుకోవచ్చు. వెంటనే వెళ్లిపొమ్మంటారని నీ భయం. అలా అన్నారే అనుకో, మూడు నెలల ఇంటి ఖర్చు నా దగ్గర వేరుగా తీసిపెట్టి ఉంది. మీ అత్తయ్యకు కూడా చెప్పాను, సంతోషంగా సరే అంది.

ఏ రోజు మాట్లాడతావో ముందుగా ఫోను చెయ్. ఆమదాలవలసలో పొద్దున రైలెక్కి వస్తాను. ఫ్యాక్టరీలోకి రాను. నువ్వు మాట్లాడి వచ్చేదాకా పలాస స్టేషనులో కూర్చుంటాను.

మీ పెద్ద మావయ్య