స్టీరియోలో గరగర, మోనోలో శుభ్రం: ఎందుకు?

పర్లాకిమిడిలో పాత స్టీరియో రిసీవర్‌లో దూరపు ఎఫ్‌ఎం పెడితే స్టీరియో దీపం మిణుకుమంటూ గరగర వస్తోందని, మోనో (రెండు స్పీకర్లలో ఒకే శబ్దం) నొక్కితే పోతోందని ఒకరు అడిగారు.

సెట్టు బాగానే ఉన్నట్టుంది. ట్యూనర్ ఏ స్టేషన్‌నైనా 10.7 మెగాహెర్ట్జ్ అనే ఒకే మధ్యంతర ఫ్రీక్వెన్సీకి (ఐఎఫ్) మార్చి, పెంచి, అందులోంచి ఆడియో తీస్తుంది. అలా తీసినదాంట్లో ఎడమ, కుడి శబ్దాల మొత్తం (రెండూ కలిపినది) మామూలు ఆడియోగానే ఉంటుంది. వాటి తేడా మాత్రం 38 కిలోహెర్ట్జ్ చుట్టూ పైన ఉంటుంది. స్టేషన్ స్టీరియోకి గుర్తుగా పంపే 19 కిలోహెర్ట్జ్ సంకేతం, అంటే పైలట్, దొరికితేనే దీపం వెలుగుతుంది, ఎడమ, కుడిలను విడదీసే డీకోడర్ దాని ఆధారంగా 38ని తయారుచేసుకుని తేడాను కిందికి దించుతుంది. ఆ మొత్తంలో తేడాను కలిపితే ఎడమ, మొత్తంలోంచి తేడాను తీసేస్తే కుడి. చిక్కేమిటంటే, ఎఫ్‌ఎంలో పైకి వెళ్లేకొద్దీ హోరు ఎక్కువ. తేడాతోపాటు అదీ దిగిపోతుంది. మోనోలో ఆ పైభాగాన్నే వదిలేస్తారు.

కొండల మధ్య ఊరు కదా, సిగ్నల్ బలంగా అందేలా డాబా మీద యాంటెన్నా పెట్టి చూడండి. లోపలి ఐఎఫ్ కాయిళ్ల స్క్రూలు మాత్రం తిప్పకండి.