బీట్ తకేషి, తకేషి కితానో లిస్టులు ఎందుకు కలవట్లేదంటే

ఈ జపాన్ నటుడు, డైరెక్టర్ సినిమాల కోసం వెతికితే బీట్ తకేషి పేరు మీద ఒక లిస్టు, తకేషి కితానో పేరు మీద ఇంకో లిస్టు కనిపిస్తాయి. రెండు లిస్టులు కలవకపోవడానికి కారణం పేరే, మనిషి ఒక్కరే. 1970లలో టోక్యో అసకుసాలో ఇద్దరు కలిసి చేసే మాటల కామెడీతో ఎదిగినప్పటి పేరు బీట్ తకేషి, నటుడిగా ఇప్పటికీ అదే వేసుకుంటారు. డైరెక్టర్‌గా మాత్రం అసలు పేరు తకేషి కితానో.

చాలామంది ఇక్కడే పొరబడతారు: ముందు నటించినవీ, తీసినవీ విడదీయండి. ఆయన తీసిందనుకునే బ్యాటిల్ రాయల్ (2000)లో ఆయన నటించారంతే, డైరెక్టర్ కింజి ఫుకసాకు. అసలు 1989లో వయొలెంట్ కాప్ కూడా ఫుకసాకే తీయాల్సింది, ఆయన తప్పుకోవడంతో అందులో హీరోగా ఉన్న కితానో చేతికొచ్చి, డైరెక్టర్‌గా మొదటి సినిమా అయింది.

ఇక ఈ వరసలో చూడండి:

1. వయొలెంట్ కాప్.
2. సొనటైన్ (1993).
3. హనా-బి (1997), వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అన్నిటికన్నా పెద్ద అవార్డు గోల్డెన్ లయన్ వచ్చింది. 1994లో బైక్ యాక్సిడెంట్ అయి ముఖం ఒక పక్క చచ్చుబడ్డాక, కోలుకుంటూ ఆయన బొమ్మలు వేశారు. సినిమాలో తల బదులు పువ్వు ఉన్న జంతువుల బొమ్మలు ఆయన చేతివే, అక్కడ ఆపి చూడండి, నాకైతే గుండె బరువెక్కింది.

వీటిలో నవ్వుల కోసం ఎదురుచూడకండి. అది కావాలంటే, చిన్నప్పుడు పోగో ఛానెల్‌లో చూసిన తకేషీస్ క్యాజిల్ గేమ్ షోలో ఆ కోట దొర ఆయనే.