జొటెరోలో సైటేషన్ తప్పు వస్తే స్టైల్ ఫైల్‌లో ఎక్కడని వెతకాలి?

జొటెరో అంటే రిఫరెన్సులు దాచుకుని పేపర్లో సైటేషన్లు పెట్టే సాఫ్ట్‌వేర్, అవి ఏ రూపంలో రావాలో చెప్పే ఫైలే స్టైల్. పేపరంతా సరిగ్గానే వస్తోంది, ఒక్క రావుగారి దగ్గరే 'కె. రావు, 2009' అని ఒకచోట, 'కె. ఎస్. రావు, 2014' అని ఇంకోచోట ఇనిషియల్స్ తోసుకొస్తున్నాయి, స్టైల్‌ను డీబగ్ చేసే టూల్ ఉందా అని అడిగారు. ఉంది. కానీ ముందు మీ లైబ్రరీ చూసుకోండి. ఆ ఇద్దరూ ఒకరే అయితే స్టైల్ తప్పేం లేదు.

వైజాగ్‌లో థీసిస్ రాసేటప్పుడు నాకూ ఇదే జరిగింది. ఒకే మనిషి ఒక ఎంట్రీలో 'కె.', ఇంకోదాంట్లో 'కె. ఎస్.' అని ఉంటే జొటెరో ఇద్దరనుకుంటుంది. అలాంటప్పుడు ఏపీఏ లాంటి స్టైళ్లు తేడా తెలియడానికి ఇనిషియల్స్ చేరుస్తాయి. మన సముద్ర శాస్త్రం పేపర్లలో రావులకు కొదవా! ఎంట్రీలు సరిచేసి వర్డ్‌లో రిఫ్రెష్ నొక్కితే పోయింది.

నిజంగా స్టైల్‌తో కుస్తీ పట్టింది పేజీ నంబర్ల దగ్గర. జర్నల్ 1123–1130 అని పూర్తిగా అడిగితే నాకు 1123–30 అని వచ్చేది. సీఎస్ఎల్ అంటే ఈ స్టైల్ ఫైళ్లు రాసే భాష. దాని విజువల్ ఎడిటర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. నమూనా రిఫరెన్స్‌లో ఏ ముక్క మీద మౌస్ పెడితే, అది స్టైల్‌లో ఎక్కడినుంచి వస్తోందో పక్కన వెలుగుతుంది. పేజీ మీద పెట్టాను, 'పేజ్' వెలిగింది, తీరా అక్కడ మార్చడానికేమీ లేదు. ఎంవీపీ కాలనీ రూములో ఒక సాయంత్రమంతా దానికే పోయింది. ఆ సెట్టింగ్ ఫైల్ మొదట్లో, స్టైల్ ట్యాగ్‌లోనే 'పేజ్-రేంజ్-ఫార్మాట్' అని ఉంటుంది. దాన్ని 'ఎక్స్‌పాండెడ్' చేశాను, అంతే.

ఫైల్ తెరిస్తే లోపల నాలుగు లైన్లే ఉన్నాయా? కంగారు పడొద్దు, అది వేరే స్టైల్‌ను చూపించే డిపెండెంట్ స్టైల్. దాని పేరెంట్‌ను తెరవండి.

నేను ఎక్కువగా వాడేది జొటెరోలోని స్టైల్ ఎడిటర్. సెట్టింగ్స్‌లో సైట్ (Cite) కింద ఉంటుంది. లైబ్రరీలో మీకు తేడాగా వస్తున్న ఎంట్రీలనే ముందు సెలెక్ట్ చేసుకుని తెరవండి. పైన కోడ్ మారుస్తుంటే కింద ఫలితం కనిపిస్తుంది.

సేవ్ చేసేముందు టైటిల్, ఐడీ రెండూ మార్చండి. నేను బద్ధకించి పాత ఐడీయే ఉంచాను. స్టైల్ ఆటోమేటిక్‌గా అప్‌డేటై, ప్రింట్‌కి ఇవ్వబోయే ముందురోజు పేజీలన్నీ మళ్ళీ 1123–30 అయి కూర్చున్నాయి.