ముద్దుపేరా, ఎత్తిపొడుపా?

ప్రశ్న: టెక్సాస్‌లో మెక్సికో మూలాలున్న ఇంటికి కోడలైన మా అమ్మాయిని అత్తగారు అందరి ముందూ ‘గోర్దీతా’ అంటారట. దాని అర్థం ‘బొద్దుపిల్ల’ అని తెలిసినప్పటి నుంచి అమ్మాయి రాత్రి భోజనం మానేసింది. ఇది అవమానం కాదా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, స్పానిష్ మాట్లాడే చాలా ఇళ్లలో ‘గోర్దీతా’, బక్కపలచని వారిని పిలిచే ‘ఫ్లాకా’ ముద్దుపేర్లుగానే చెల్లుతాయి. అయితే 2020 జనగణన ప్రకారం అమెరికాలో 6.2 కోట్లున్న లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) ప్రజలు అనేక దేశాల మూలాలవారు కనుక, అందరిదీ ఒకే ఆచారమని అనుకోరాదు. పదిహేనో ఏట ఆడపిల్లకు జరిపే ‘కిన్సెన్యేరా’ వేడుకలో, మన ఓణీల వేడుకలో మాదిరిగానే, బంధువుల చూపులన్నీ పిల్ల ఒంటిపైనే నిలుస్తాయి. కొసరి కొసరి వడ్డించే చేతులే నడుము కొలతనూ అడుగుతాయి. ఆ చిక్కు మనకు కొత్తదా?

పిలిచేవారిది ప్రేమే అయినా, నొచ్చుకున్నవారి నొప్పి అబద్ధం కాదు. తనను పేరుతోనే పిలవమని అమ్మాయి ముందుగా భర్తతో, ఆపై అత్తగారితో ఏకాంతంలో చెప్పాలి. భోజనం మానడం ఇలాగే కొనసాగితే ఆలస్యం చేయక వైద్యులను కలవాలి. మీరు కూడా వీడియో కాల్‌లో ‘చిక్కావు’, ‘ఒళ్లు చేశావు’ అనే మాటలతో పలకరింపు మొదలుపెట్టకండి.